ఐసు ఫ్యాక్టరీ అన్నయ్యకి, ఇంకా అందరికీ

సరిగ్గా నిద్రపోయి నాలుగు రోజులైంది. కళ్ళు మూసుకుపోతున్నాయి, తప్పులుంటే సర్దుకోండి. రేపు రాద్దాంలే అనుకుంటే ఇక రాయను, "అందరికీ ధన్యవాదాలు" అని ఒక్క ముక్క పెట్టేసి ఊరుకుంటాను. నా సంగతి నాకు తెలుసు.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. మాది విజయనగరం జిల్లా తీరం. సముద్రం తగిలేవి రెండే మండలాలు, భోగాపురం, పూసపాటిరేగ, మొత్తం కలిపి 28 కిలోమీటర్లు. మా చిన్న కమ్యూనిటీ రేడియోలో వారానికోసారి అరగంట సముద్రం ప్రోగ్రామ్ చేస్తాను. ఈ వారం వలలో ఏం పడింది, ఏది పడటం మానేసింది, కోనెం చేప ఎందుకంత రేటు పలుకుతోంది, జెల్లీ చేప తగిలితే ఏం చెయ్యాలి, ఇలాంటివి. జీతం లేదు. ట్రాన్స్‌మిటర్ 50 వాట్లు, గట్టిగా పది పదిహేను కిలోమీటర్ల దాకా వినిపిస్తుంది. రామేశ్వరం దగ్గర పంబన్‌లో మత్స్యకారుల కోసం 2016 నుంచి కడల్ ఓసై అనే రేడియో నడుస్తోందని విన్నప్పుడు, వాళ్ళకి తమిళంలో సముద్రం మాట్లాడుతుంటే మన సముద్రానికి నోరు లేదా అని ఉడుకుమోత్తనంతో మొదలుపెట్టిన పని ఇది.

ఏప్రిల్ 14 రాత్రికి ఒక స్పెషల్ పెట్టుకున్నాం. తెల్లారితే, చేపలు గుడ్లు పెట్టే కాలమని వేట నిషేధం, జూన్ 14 దాకా 61 రోజులు మర పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి, అంటే ఆ రాత్రి మా వినేవాళ్ళందరూ ఇళ్ళ దగ్గరే ఉంటారు. ఆలివ్ రిడ్లీ అనే సముద్రపు తాబేళ్ళ గుడ్లు పిల్లలై బయటికొచ్చే రోజులు కూడా ఇవే. చేపలకి పురుడు, తాబేళ్ళకి పురుడు రెండూ కలిపి చెప్దామని మూడు వారాలు తిరిగి రికార్డు చేశాను. హేచరీలో, అంటే తాబేలు గుడ్లని కాపాడి పొదిగించే చోట, ఒక టబ్బులో వందకి పైగా పిల్లలు, ఒక్కోటి మన బొటనవేలంత, ప్లాస్టిక్ అడుగుని గోకుతుంటే ఆ చప్పుడు రేకుల మీద సన్న చినుకు పడ్డట్టుంది. రెండు నిమిషాలు ఆ చప్పుడే వేద్దాం, మధ్యలో నేను మాట్లాడకూడదు అని కూడా అనుకున్నాను.

11న సాయంత్రం పాట మధ్యలో రేడియో ఆగిపోయింది. ట్రాన్స్‌మిటర్ ఆన్ చేస్తే ఎర్ర లైటు వెలగడం, అర నిమిషంలో ఆగిపోవడం.

ఇక్కడ కొంచెం కడుపుమంట. ట్రాన్స్‌మిటర్ బిగించిన కంపెనీ పేరు రాయను. ఏటేటా మెయింటెనెన్సుకని డబ్బు కడుతున్నాం. ఫోన్ చేస్తే కంప్లయింటు నంబరు ఇచ్చి, "పది పనిదినాల్లో ఇంజనీరు వస్తారు మేడమ్" అన్నారు. 14న అంబేడ్కర్ జయంతి సెలవని కూడా వాళ్ళే గుర్తుచేశారు. తీరంలో ఉప్పుగాలి ఉంటుందని వీళ్ళకి ఎవరైనా చెప్పారో లేదో, ఎడారిలో బిగించే సామానే ఇక్కడా బిగించి వెళ్ళారు. పోనీ స్పేర్ సామాను కొని పెట్టుకుందామంటే, ఒక ఆఫీసువాళ్ళు మా దగ్గర ప్రకటనలు వేయించుకుని ఏడాది దాటింది, బిల్లు ఇంకా ఏ బల్ల మీద ఉందో! తుపాను అంటే మొదట మాకే ఫోన్ చేస్తారు, డబ్బు అనగానే మేమెవరో గుర్తుండదు. సరే, వదిలేస్తున్నాను.

13 రాత్రి పదింటికి స్టూడియో మెట్ల మీద కూర్చుని ఉన్నాను. ఎవరో టీవీఎస్ బండి ఆపి, దిగకుండానే అడిగారు.

"ఏటి మేడమ్, రెండు రోజులబట్టి రేడియో మాటాడ్డం నేదు?"

ఎవరో తెలీదు. ఐసు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్ అట, నైట్ డ్యూటీకి వెళ్తున్నారు. రాత్రంతా మోటార్ల పక్కన మా రేడియో పెట్టుకుంటారట. ట్రాన్స్‌మిటర్ని ఓసారి చూసి, కేబుల్ వెంబడి నడుచుకుంటూ వెళ్ళి, టవర్ కింద నిలబడి పైకి చూశారు. "పెట్టె బాగానే ఉన్నట్టుంది. పైకెల్లిన పవరు ఎనక్కి తిరిగొచ్చేత్తంది. దానికి బయమేసి ఆగిపోతంది. డ్యూటీ దిగి తెల్లారి వొత్తాను" అని వెళ్ళిపోయారు. నేను నమ్మలేదు, నిజం చెప్తున్నాను.

ఆరున్నరకి వచ్చారు. నడుముకి వల తాడు కట్టుకుని టవర్ ఎక్కారు. పైన యాంటెన్నాకి కేబుల్ కలిసే చోట జాయింటు విప్పి కిందికి తెచ్చి నా అరచేతిలో పెట్టారు. దాన్నిండా పచ్చటి చిలుము. నేను చిలుమంటే ఇత్తడి చెంబుల మీదే చూశాను. లోపల నీళ్ళు కూడా ఉన్నాయి, నాలిక్కి తగిలించి "ఉప్పే" అన్నారు. పాడైన జానెడు కేబుల్ కోసేసి, జాయింటుని పాత టూత్‌బ్రష్‌తో, పెట్రోలుతో తోమి, మళ్ళీ బిగించి, పైన సైకిల్ ట్యూబు పీలికలు గట్టిగా చుట్టారు, బోటువాళ్ళు చుట్టినట్టు. పదిన్నర దాటాక ఆన్ చేస్తే ఎర్ర లైటు రాలేదు. నిమిషం, రెండు నిమిషాలు, అయినా రాలేదు.

టీ తాగుతూ ఆయన అడిగారు. "ఇసక వేడిగుంటే ఆడపిల్లలు, సల్లగుంటే మగపిల్లలు పుడతాయని సెప్పినారు కదా తాబేళ్ళకి. మరి మా ఐసు పక్కన గుడ్లెడితే అన్నీ మగపిల్లలేనా?" నవ్వాను. ఎక్కువ చల్లబడితే అసలు పిల్లలే రావని చెప్పాను. అప్పుడు, ఏదో గుర్తొచ్చినట్టు అన్నారు: "పిల్లలు ఎలుగుని సూసి దారి తప్పిపోతాయని మీరు సెప్పిన కాణ్ణించి మా ఎనకపక్క లైటు ఎయ్యడం నేదు మేడమ్. ఓనరుకి ఫ్యూజు పోయిందని సెప్పినాను."

ఫ్యాక్టరీ వెనక సముద్రం వైపు ఆ పెద్ద లైటు వెలగడం లేదని రెండు నెలలుగా నేనూ చూస్తూనే ఉన్నాను. బల్బు మాడిపోయిందనుకున్నాను. ఈ ప్రోగ్రామ్ ఎవరు వింటున్నారు, ఎందుకీ తిప్పలు అని మా ఇంట్లో ఎన్నిసార్లు అన్నానో. నీళ్ళ ట్యాంకు వెనక్కి వెళ్ళి ఏడ్చాను. వచ్చేసరికి ఆయన గ్లాసు కడిగి బోర్లించి పెట్టారు.

డబ్బు తీసుకోలేదు. జేబులో పెట్టబోతే చెయ్యి వెనక్కి నెట్టారు. ఇంతకుముందు వేసిన తాబేళ్ళ ప్రోగ్రామ్ మళ్ళీ వెయ్యమని మాత్రం అడిగారు, ఐసు క్రషర్ చప్పుడులో ఆయనకి మొదటి సగమే వినిపించిందట.

(ఓనరు గారూ, ఈ పోస్టు మీ కంటబడితే, ఆ ఫ్యూజు నిజంగానే పోయింది. నేనే చూశాను.)

ఆ రాత్రి ప్రోగ్రామ్ వెళ్ళింది. టబ్బు చప్పుడు రెండు నిమిషాలూ వేశాను, మధ్యలో మాట్లాడలేదు.

మా ఆయన, అత్తయ్య పిల్లల్ని చూసుకున్నారు, వాళ్ళకి ఇంట్లోనే చెప్పుకుంటాను. తాడు పట్టుకుని నాలుగు గంటలు కింద నిలబడ్డ మా స్టూడియో కుర్రాళ్ళిద్దరికీ థాంక్స్. రాత్రిపూట పడవ దగ్గర కూర్చోబెట్టుకుని గాలుల గురించి, పాతకాలం పెద్దవల గురించి చెప్పిన తాతకి కూడా. హేచరీలో కాపలా ఉండే అన్నయ్యని మరిచిపోయాను, ఆయన పిలవకపోతే ఆ చప్పుడే దొరికేది కాదు. సైకిల్ ట్యూబు ఇచ్చిన పంచరు షాపు అబ్బాయీ! అయ్యో, టీ పంపిన పిన్ని, మూడు రోజుల టీ డబ్బులు ఇంకా ఇవ్వలేదు, రేపు పొద్దున్నే తెస్తాను పిన్నీ.

అన్నయ్యా, మీ కటింగ్ ప్లేయర్ మా స్టూడియో కిటికీలో ఉండిపోయింది. తాబేళ్ళ ప్రోగ్రామ్ ఈ వారం మళ్ళీ వేస్తున్నాం. క్రషర్ ఎన్నింటికి ఆపుతారో చెప్తే ఆ టైముకే పెడతాను.