నీ దస్తూరీ చూశాక

గుంటూరు, బ్రాడీపేట.

ప్రియమైన రాఘవా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి సంగతుల కోసం, రెండోసారి అక్షరాల కోసం. కాలేజీలో అందరం నీ నోట్సే తెచ్చుకునేవాళ్లం, అంత గుండ్రని దస్తూరీ నీది. ఈ ఉత్తరంలో కొమ్ములూ గుడులూ అన్నీ వణికాయి.

రోజుకు నాలుగైదుసార్లు విరేచనానికి వెళ్లవలసి వస్తోందనీ, బస్సు ఎక్కాలంటేనే భయమనీ రాశావు. సిగ్గుపడవలసిన పనేమీ లేదురా. రోజుకు మూడుసార్లు మొదలుకొని వారానికి మూడుసార్ల వరకు మామూలే. ఎవరి అలవాటు వాళ్లది, అది మారితేనే పట్టించుకోవాలి. నీకు ఇన్నేళ్లూ తెల్లవారగానే ఒక్కసారే కదా!

గోంగూర, పండుమిరప పచ్చడి మానేశానన్నావు. నిరుడు నేనూ కారం మీదే నెపం వేసి రెండు నెలలు చప్పిడి కూడు తిన్నాను. తగ్గితే ఒట్టు! చివరికి డాక్టరుగారు నేను షుగరుకు కొత్తగా మొదలుపెట్టిన మెట్‌ఫార్మిన్ మాత్రను పట్టుకున్నారు. నెమ్మదిగా కరిగే రకానికి మార్చి, భోజనంతో వేసుకోమన్నారు. పది రోజుల్లో కుదుటపడ్డాను. కొందరికి పాలు పడవు, కొందరికి నీళ్ల వల్ల అమీబా చేరుతుంది, ఆందోళన వల్ల కూడా పేగులు పరుగు పెడతాయి.

నీ విషయంలో నా అనుమానం వేరు. తెనాలి పెళ్లిలో నువ్వు కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నావు. ఫ్యాను కింద కూర్చున్నా మెడ వెంట చెమట. అన్నం మారు వడ్డించుకున్నావు, చొక్కా మాత్రం భుజాల దగ్గర జారిపోతోంది. థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేస్తే ఇవన్నీ కలిసే వస్తాయి, పేగుల కదలిక కూడా వేగమవుతుంది. టీఎస్‌హెచ్ అని ఒక రక్తపరీక్ష ఉంది. గ్రంథి జోరు ఎక్కువైతే సాధారణంగా ఆ అంకె తగ్గుతుంది, కాబట్టి తక్కువ వచ్చిందని సంబరపడకు. నా ఊహ తప్పయితే మరీ సంతోషం, అప్పుడు మలపరీక్ష చేయించి అసలు కారణం వెతికిద్దాం. ఈలోగా రక్తం పడినా, జ్వరం వచ్చినా, రాత్రి నిద్రలో లేవవలసి వచ్చినా ఒక్క రోజు కూడా ఆగవద్దు.

శనివారం వచ్చేయి. కొత్తపేటలో మా డాక్టరుగారి దగ్గరికి ఇద్దరం వెళ్దాం. బెజవాడలో బస్సు వద్దు, ఎక్స్‌ప్రెస్ రైలు ఎక్కు. పెట్టెలోనే మరుగుదొడ్డి ఉంటుంది, దారిలో గుబులు ఉండదు. నేను స్టేషనులో ఉంటాను.

నీ
శ్రీనివాస్