అమ్మ మోకాళ్ళ లెక్కన క్యూబెక్ ప్రయాణం

మాంట్రియల్, కెనడా
ఏప్రిల్ 26

నాన్నగారికి, అమ్మకి నమస్కారాలు.

మేమంతా క్షేమం. మీ వీసాలు వచ్చాయన్న కబురు విన్నప్పటి నుంచి బుజ్జిగాడు గోడమీద క్యాలెండర్లో రోజులు కొట్టేస్తున్నాడు.

మొన్న ఫోన్లో నాన్నగారు, "ఆ క్యూబెక్ ఊరికి నాలుగు రోజులెందుకమ్మా, పొద్దున్న వెళ్ళి రాత్రికి వచ్చేస్తే సరిపోదా?" అన్నారు. దానికి జవాబు ఫోన్లో చెప్పేది కాదు. మధ్యలో అమ్మ కూరల గురించి అడుగుతుంది, మాట పక్కకి పోతుంది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. తమ్ముణ్ణి ప్రింటు తీసి ఇమ్మనండి.

ఒక్కరోజులో వెళ్ళి రావడం కుదరని పనేం కాదు. మా ఇంటి నుంచి 250 కిలోమీటర్లు, కారులో మూడు గంటలు. అలా పొద్దున్న బస్సులో దిగి, కోటలా కనిపించే ఆ పెద్ద హోటల్ ముందు ఫొటోలు తీసుకుని, సాయంత్రం మళ్ళీ బస్సెక్కేసేవాళ్ళు బోలెడుమంది. కానీ ఆ ఊరు సగం కొండ మీద, సగం కొండ కింద ఉంది. శామ్యూల్ ద షాంప్లేన్ అనే ఫ్రెంచివాడు 1608లో ఆ చోటు ఎంచుకున్నదే అందుకు. సెయింట్ లారెన్స్ నది అక్కడ ఇరుకవుతుంది, పైన కొండ అంచున ఫిరంగి పెట్టుకుంటే కింద వచ్చే ఏ ఓడా తప్పించుకోలేదు. వాళ్ళకి బాగానే ఉంది. అమ్మ మోకాళ్ళకే కష్టం. ఒక్కరోజులో అంతా చూడాలంటే దిగి, ఎక్కి, మళ్ళీ దిగాలి. అందుకని నేను పెట్టుకున్న రూలు ఒకటే: రోజుకి కొండ ఒక్కసారే దిగాలి, ఒక్కసారే ఎక్కాలి, అది కూడా మెట్ల మీద కాదు. ప్లానంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ఎప్పుడు వెళ్ళాలన్నదాని మీద మీ అల్లుడుగారికీ నాకూ వాదన నడిచింది. ఆయన జూన్ నెలాఖరు అన్నారు. జూన్ 24 ఇక్కడి వాళ్ళ పెద్ద పండగ, ఆ వారం ఊరంతా జనం, గది రేట్లు చూస్తే కళ్ళు తిరుగుతాయి. నేను సెప్టెంబరు పట్టుబట్టాను. చవితి పూజ ఇంట్లో చేసుకున్నాక, 11న బయల్దేరి 14 రాత్రికి ఇల్లు చేరతాం. బుజ్జిగాడికి బడి పోతుంది, పోనీండి. 13వ తేదీనే ఆ ఊళ్ళో ఎందుకుండాలో నాన్నగారు ఈపాటికి ఊహించే ఉంటారు. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

మొదటి రోజు దారిలోనే నాన్నగారికి ఒక దర్శనం ఉంది. మేం నదికి దక్షిణం ఒడ్డున వెళ్ళి, ఊరి ముందు పియేర్ లపోర్త్ వంతెన మీద నది దాటతాం. దాని పక్కనే పాత క్యూబెక్ బ్రిడ్జి నిలబడి ఉంటుంది. ఆర్ అండ్ బీలో ముప్పై ఏళ్ళు చేసిన మనిషికి అది చూపించకపోతే పాపం. 1907 ఆగస్టు 29న కడుతూ ఉండగానే దక్షిణం వైపు సగం కూలి 75 మంది పోయారు. అందులో 33 మంది మా మాంట్రియల్ పక్కనున్న కానవాకే నుంచి వచ్చిన మోహాక్ అనే ఆదివాసీ తెగ కార్మికులు. రెండు స్తంభాల మధ్య దూరం 1,600 అడుగుల నుంచి 1,800 అడుగులకి పెంచారు గానీ, పెరిగిన ఉక్కు బరువుని మళ్ళీ సరిగ్గా లెక్కకట్టలేదు. కింది కమ్మీలు వంగుతున్నాయని సైటు మీద వాళ్ళు కొలిచి కబురు పంపారు కూడా, పని ఆగేలోపే అయిపోయింది. మళ్ళీ కడుతూ 1916లో మధ్య ముక్కని పైకి లేపుతుంటే అదీ నదిలో పడింది, ఇంకో 13 మంది. చివరికి 1917లో పూర్తయింది. ఆ మధ్య దూరం 549 మీటర్లు, రెండు వైపుల నుంచి చేతులు చాచినట్టు కట్టే ఈ కాంటిలీవర్ వంతెనల్లో ఇప్పటికీ అంత పెద్దది ఇంకోటి లేదు. మన హౌరా బ్రిడ్జి అదే జాతిది, 457. అవతలి ఒడ్డున కారు ఆపడానికి చోటుంది, మీరు చూసినంతసేపు చూడండి. మేం పులిహోర తింటూ కూర్చుంటాం.

గది కొండపైన, కోటగోడ లోపలే తీసుకున్నాను. కింద ఊళ్ళో కొంచెం చవక, కానీ పొద్దున్నే లేచి ఎక్కడంతో రోజు మొదలవుతుంది. పైన చిన్న చిన్న హోటళ్ళన్నీ రెండు వందల ఏళ్ళ నాటి రాతి ఇళ్ళు, చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, లిఫ్టు మాత్రం ఉండదు. ఫొటోల్లో ఈ సంగతి తెలీదు. నేను ఫోన్ చేసి ఓనరమ్మని నిలదీసి అడిగాను: వీధిలోంచి మంచం దాకా ఎన్ని మెట్లు? ఆవిడ నవ్వింది, ఫోన్ పట్టుకునే వెళ్ళి లెక్కపెట్టి వచ్చింది. గుమ్మం దగ్గర రెండు, అంతే. కింది అంతస్తు గది, ఫ్రిజ్జు, మైక్రోవేవ్ ఉన్నాయి. పెరుగు కొని పెట్టుకోవచ్చు.

ఆ సాయంత్రం ఎక్కడికీ పరిగెత్తం. డఫెరిన్ టెర్రస్ అని కొండ అంచున పొడవాటి చెక్క నేల పరిచి ఉంది, బెంచీలున్నాయి, కింద నది. ఆ డఫెరిన్ ఎవరో కాదు, తర్వాత మనకి వైస్రాయిగా వచ్చినాయన, ఆయన భార్య పేరుతోనే మన దేశంలో ఆడవాళ్ళ ఆసుపత్రులు వెలిశాయి. ఆయన 1872లో ఇక్కడ గవర్నర్ జనరల్. బ్రిటిష్ సైన్యం అప్పుడే ఊరు ఖాళీ చేసింది, వ్యాపారస్తులు గోడ కూలగొట్టి రోడ్లు వెడల్పు చేద్దామంటున్నారు, ద్వారాలు అప్పటికే కొట్టేశారు కూడా. గోడ ఉండాల్సిందే, కావాలంటే ద్వారాలు వెడల్పుగా కట్టండి అని పట్టుబట్టింది ఈయనే. ఆ 4.6 కిలోమీటర్ల గోడ ఉండబట్టే 1985లో యునెస్కో గుర్తింపు వచ్చింది. మెక్సికోకి ఉత్తరాన కోటగోడ మిగిలిన ఊరు ఇదొక్కటే. మన దగ్గర ఆయన చేసినవి ఎలా ఉన్నా, ఇక్కడ మాత్రం మంచిపని చేశాడు.

టెర్రస్ పక్కనే షాతో ఫ్రాంతెనాక్, ఆ కోటలాంటి హోటల్. నిజానికి అది కోట కాదు, రైల్వే కంపెనీ వాళ్ళు 1893లో ప్రయాణికుల కోసం తెరిచింది. అందులో దిగే స్థోమత మనకి లేదు గానీ లాబీలోకి వెళ్ళి చూసి రావచ్చు. 1943 ఆగస్టులో చర్చిల్, రూజ్‌వెల్ట్ ఈ ఊళ్ళో కూర్చునే నార్మండీ దాడి మాట్లాడుకున్నారు. మౌంట్‌బాటెన్‌ని ఆగ్నేయాసియా సేనాధిపతిగా పంపాలని తేలిందీ అప్పుడే.

రెండో రోజు కింద ఊరు. టెర్రస్ చివర్లోనే ఫ్యునిక్యులర్ ఉంది, 1879 నాటిది, పట్టాల మీద అద్దాల పెట్టె. ఏటవాలుగా కిందికి దింపేస్తుంది. ఏ రిపేరుకో ఆపితే టాక్సీ పిలుద్దాం, అంతేగాని అమ్మ "పర్లేదే, మెల్లిగా దిగుతాను" అంటే నేను వినను. కింద ప్లాస్ రోయాల్ అనే చౌకు, షాంప్లేన్ మొదట ఇల్లు కట్టిన చోటు. అక్కడి చిన్న చర్చి 1688లో మొదలుపెట్టింది. లోపలికెళ్ళి తలెత్తి చూడండి, కప్పు నుంచి చెక్క ఓడ బొమ్మ వేలాడుతుంది, తెరచాపలతో సహా. సముద్రం దాటి వచ్చినవాళ్ళ మొక్కు. పెతీ షాంప్లేన్ వీధి పువ్వుల బుట్టలతో ముద్దుగా ఉంటుంది, జనమూ అంతే ఉంటారు, నాకైతే పది నిమిషాలు చాలు. దానికన్నా లెవీకి వెళ్ళే ఫెర్రీ నయం. ఆఫీసులకి వెళ్ళేవాళ్ళు ఎక్కే మామూలు పడవ, పది పన్నెండు నిమిషాల్లో అవతల ఒడ్డు. తిరిగొచ్చేటప్పుడు ఊరు మొత్తం, కొండ, గోడ, హోటల్ ఒకేసారి కళ్ళముందుకొస్తాయి. టూరిస్టు పడవలకి పెట్టే డబ్బు మిగిలినట్టే.

ఇక 13. నాన్నగారూ, గొల్లప్రోలు వెళ్ళినప్పుడల్లా స్కూటరు ఆపి చందుర్తి యుద్ధం చెప్పేవారు గుర్తుందా? 1758 డిసెంబరులో ఇంగ్లీషు కర్నల్ ఫోర్డు, విజయనగరం ఆనంద గజపతి ఒకవైపు, ఫ్రెంచి కాన్‌ఫ్లాన్స్ ఇంకోవైపు. 1759 ఏప్రిల్లో బందరు కోట పోయింది, సర్కారు జిల్లాల్లో ఫ్రెంచివాళ్ళ కథ దాదాపు ముగిసింది. దాదాపు అయిదు నెలలకి, ఇంగ్లీషువాళ్ళకీ ఫ్రెంచివాళ్ళకీ నడిచిన అదే ఏడేళ్ళ యుద్ధంలో, క్యూబెక్ కొండ మీద ఇంకో ముక్క తెగింది. ఇంగ్లీషు జనరల్ వుల్ఫ్ వేసవంతా కొండ కిందే పడిగాపులు పడ్డాడు, జూలై 31న మోంమోరెన్సీ జలపాతం దగ్గర దాడి చేసి దెబ్బ తిన్నాడు. చివరికి సెప్టెంబరు 12 రాత్రి సైన్యాన్ని పడవల్లో తెచ్చి, ఎవరూ రారనుకున్న చోట కొండ ఎక్కించాడు. తెల్లారేసరికి అబ్రహాం మైదానంలో బారులు తీరి నిలబడ్డారు. ఫ్రెంచి సేనాని మోంకామ్ తన అదనపు దళం వచ్చేదాకా ఆగకుండా గోడ బయటికొచ్చి తలపడ్డాడు. అసలు పోరు అరగంట కూడా పట్టలేదు. వుల్ఫ్ అక్కడే పోయాడు, 32 ఏళ్ళు. మోంకామ్ మర్నాడు తెల్లవారుజామున పోయాడు. 18న ఊరు లొంగింది.

ఆ మైదానం ఇప్పుడు పార్కు, చాలావరకు చదునుగా ఉంటుంది, అమ్మకి ఏ ఇబ్బందీ లేదు. పిల్లలు పరిగెడుతుంటారు, వుల్ఫ్ పోయిన చోట ఒక స్తంభం ఉంది. నాకు ఎక్కువ నచ్చింది మాత్రం హోటల్ వెనక గవర్నర్ల తోటలో ఉన్న 1828 నాటి రాతి స్తంభం. గెలిచినవాడికీ ఓడినవాడికీ కలిపి ఒకటే కట్టారు. ఒక వైపు వుల్ఫ్, ఇంకో వైపు మోంకామ్. కట్టించిన గవర్నరు డల్హౌసీ, మన సంస్థానాలు మింగినాయన తండ్రి! తండ్రి ఓడినవాడికి కూడా గుర్తు కట్టించాడు, కొడుకు చేసింది మనకి తెలుసు. ఆ ముక్క మీద నాన్నగారు ఒక పూట మాట్లాడతారని అమ్మకి ముందే చెప్తున్నాను, పుస్తకమేదైనా తెచ్చుకో.

దగ్గర్లోనే సిటడెల్ అనే కోట ఉంది, అందులో ఇప్పటికీ సైన్యం ఉంది. ఎర్రకోట్ల గార్డు మార్పిడి వేసవిలోనే, సెప్టెంబరు మొదట్లో ఆపేస్తారు. పోతే పోయింది.

నాలుగో రోజు కారు బయటికి తీస్తాం. మోంమోరెన్సీ జలపాతం ఊరికి పన్నెండు కిలోమీటర్లు, ఎత్తు 83 మీటర్లు, నయాగరా కన్నా ముప్పై మీటర్లు ఎక్కువ. అంత వెడల్పు లేదు, అంత హడావిడీ లేదు. పక్కన 487 మెట్లున్నాయి, అల్లుడుగారూ బుజ్జిగాడూ ఎక్కుతామంటున్నారు, ఎక్కనీ. మనం కేబుల్ కారులో పైకి వెళ్ళి, వేలాడే వంతెన దగ్గర వాళ్ళకోసం చూద్దాం.

తర్వాతి సగం రోజు దేనికన్నది మాత్రం అమ్మ తేల్చాలి. జలపాతం ఎదురుగానే వంతెన దాటితే ఓర్లియాన్స్ లంక, నదీపాయల మధ్య మన కోనసీమ లాంటిది, కొబ్బరికి బదులు ఆపిల్. సెప్టెంబరులో తోటలోకి వెళ్ళి మనమే కోసుకోవచ్చు. లేదంటే అదే దారిలో ఇంకాస్త ముందుకెళ్తే సెయింట్ ఆన్ బసిలికా. ఏసు అమ్మమ్మ గుడి అది. నడవలేనివాళ్ళు మొక్కుకుని, నయమయ్యాక వదిలేసిన చేతికర్రలు గుమ్మం దగ్గర స్తంభాల నిండా కట్టి ఉంటాయి. గుణదల కొండకి వెళ్ళే అమ్మ మోకాళ్ళ సంగతి ఆ తల్లికి కూడా చెప్పుకోవచ్చు. రెండూ పెట్టుకుంటే హడావిడి అయిపోతుంది.

తిండి సంగతి. పూటిన్ అని బంగాళాదుంప వేపుడు మీద చీజ్ ముక్కలు వేసి, గ్రేవీ పోసి ఊరంతా అమ్ముతారు, చూడ్డానికి శాకాహారంలా ఉంటుంది గానీ గ్రేవీ మామూలుగా మాంసంతోనే చేస్తారు. అడగకుండా ముట్టొద్దు. క్రేపులు భేషుగ్గా ఉంటాయి, పుట్టగొడుగులు, చీజ్‌తో వేయిస్తాను. చపాతీలు, ఊరగాయ, పొడులు నేనే సర్దుతాను. బిల్లు మీద పన్ను దాదాపు పదిహేను శాతం, దాని పైన టిప్పు. నాన్నగారు ప్రతి బిల్లునీ రూపాయల్లోకి మార్చి నిట్టూర్చకూడదు.

ఎక్కడికెళ్ళినా తలుపు తీయగానే నవ్వుతూ "బోఁజూర్" అనండి చాలు, తర్వాత ఇంగ్లీషులో మాట్లాడినా ఏమీ అనుకోరు. బుజ్జిగాడు బళ్ళో ఫ్రెంచి చదువుతున్నాడు కాబట్టి దుబాసీ ఉద్యోగం వాడిదే.

ఇప్పుడు మీ వైపు పనులు. షుగరు, బీపీ మందులు చీటీతో సహా తెచ్చుకోండి, ఇన్సూరెన్స్ ఇక్కడి నుంచి నేను తీస్తున్నాను. అమ్మా, ఆ రాళ్ళు పరిచిన వీధుల్లో చెప్పులు జారతాయి. చీర కింద బూట్లేంటే అని అనకు, ఇక్కడ నిన్ను చూసి నవ్వేవాళ్ళెవరూ లేరు. సెప్టెంబరు రాత్రులు చలిగా ఉంటాయి, ఆ ఆకుపచ్చ స్వెట్టరు పెట్టెలో వెయ్యి. పాదం కాగితం మీద పెట్టి గీత గీసి ఫొటో తీసి పంపు, రెండు కాళ్ళదీ. లంకా, గుడా అన్నది కూడా ఆదివారం ఫోన్లో చెప్పు, గది మే నెలాఖరు దాకా క్యాన్సిల్ చేసుకునే వీలుంది కాబట్టి తేదీల్లో ఏమైనా మార్పుంటే ఆలోపే అనండి.

తమ్ముడికి, పిన్నికి నా తరఫున అడిగానని చెప్పండి.

మీ
అమ్మాయి