బాల్‌రూమ్ డ్యాన్సుకు ఫీజు కట్టేముందు నేల చూడండి

సంపాదకులకు నమస్కారం.

ముప్ఫై, నలభై దాటాక బాల్‌రూమ్ డ్యాన్సు, అంటే జంటగా ఆడే పాశ్చాత్య నృత్యం, నేర్చుకోవాలనుకునేవారు హైదరాబాద్‌లో ఇప్పుడు తక్కువేం కాదు. వారిలో చాలామంది ఫోనులో వీడియోలు చూసి, ఇంటికి ఎంత దూరమో చూసి క్లాసు ఎంచుకుంటారు. దూరం చూడటం సబబే. సాయంత్రం ఆరింటికి గచ్చిబౌలి నుంచి సికింద్రాబాద్ రావాలంటే ఎంత ఆసక్తి ఉన్నా నాలుగు వారాలు నిలవదు. కానీ వీడియోలో కనబడని సంగతులు కొన్ని ఉన్నాయి. మూడు నెలల ఫీజు ఒకేసారి చేతిలో పెట్టేముందు అవి తేల్చుకోవాలని ఈ ఉత్తరం.

అక్కడ నేర్పేది ఏమిటో పేరు పెట్టి అడగండి. పోటీల్లో ఉండేవి పది నృత్యాలు. వాల్ట్జ్, టాంగో, వియన్నీస్ వాల్ట్జ్, స్లో ఫాక్స్‌ట్రాట్, క్విక్‌స్టెప్ ఒక వర్గం. చా చా చా, సాంబా, రుంబా, పాసో డోబ్లే, జైవ్ ఇంకొకటి. మన దగ్గర బోర్డు మీద బాల్‌రూమ్ అని ఉన్నా లోపల సల్సా, బచాటా మాత్రమే నేర్పే చోట్లున్నాయి. అవి మంచి నృత్యాలే, పార్టీల్లో బాగా పనికొస్తాయి కూడా. అయితే సల్సా దాదాపు ఉన్నచోటే సాగుతుంది. వాల్ట్జ్ హాలు చుట్టూ, గడియారం ముళ్లకు ఎదురు దిశలో తిరుగుతుంది. ఒకటి వస్తే రెండోది దానంతటదే రాదు. మొదటి మూడు నెలలకు ఒక వాల్ట్జ్, దానికి తోడు రుంబా గానీ చా చా చా గానీ చాలు. పదీ నేర్పేస్తామంటే ఏదీ ఒంటబట్టదు.

డెమో క్లాసులో పాట మార్చమని అడగండి. కొన్ని చోట్ల ఒక సినిమా పాటకు కట్టిన వరసను బట్టీ పట్టిస్తారు. సంగీత్ వేడుకలో స్టేజీ ఎక్కడానికి అది చాలు, పాట మారితే మాత్రం కాలు ఆగిపోతుంది. వాల్ట్జ్‌ది మూడు బీట్ల లెక్క. ఆ మూడు బీట్ల చుట్టు ఒకటి పూర్తయితే ఒక బార్. పోటీల్లో వేగం నిమిషానికి 28 నుంచి 30 బార్లు. అంటే 15 సెకన్లలో ‘ఒకటి’ ఏడుసార్లు పడుతుంది. కొత్తవారికి ఇంకాస్త నెమ్మదిగా పెట్టినా తప్పులేదు. మూడు లెక్క కుదిరింది కదా అని హుషారైన తిశ్రగతి పాట పెడితే, కాలి మీద బరువు మార్చుకునే వ్యవధే దొరకదు.

ఆ బరువు మార్చడమే అసలు విద్య. ‘ఒకటి’కి లీడ్ చేసేవారి, అంటే జంటను నడిపించేవారి, ఎడమ కాలు ముందుకు, ‘రెండు’కు కుడి కాలు పక్కకు, ‘మూడు’కు ఎడమ కాలు వచ్చి దాని పక్కన చేరుతుంది. తర్వాత కుడి కాలు వెనక్కి, ఎడమ కాలు పక్కకు, కుడి కాలు దాని దగ్గరికి. ఫాలో అయ్యేవారు ఇదే అద్దంలో చూసినట్టు, కుడి కాలు వెనక్కి వేసి మొదలుపెడతారు. తప్పు ఎక్కువగా జరిగేది ‘మూడు’ దగ్గర. చేరిన కాలి మీద బరువు వేయకుండా ఊరికే ఆనిస్తారు. దాంతో మళ్లీ అదే కాలు లేస్తుంది, ఎదుటివారి వేళ్ల మీద పడుతుంది. కూచిపూడి, భరతనాట్యం నేర్చినవారికి ఈ చిక్కు ఇంకొంచెం ఎక్కువ. తట్టిన కాలితోనే మళ్లీ తట్టడం వారికి అలవాటు. దీనికి పరీక్ష సులువు. ఏ బీటు మీదైనా టీచరు ‘ఆగండి’ అనగానే ఒక కాలు నేల నుంచి ఇట్టే లేవాలి. ఏ కాలు లేపాలో తోచలేదంటే బరువు రెండు కాళ్ల మీదా ఉందన్నమాట. ఇలా ఆపి ఆపి చూసే టీచరు దొరికితే స్టూడియో చిన్నదైనా అక్కడే చేరండి.

కాళ్లు తొక్కుకోవడానికి ఇంకో కారణం నిలబడే తీరు. ముక్కుకు ముక్కు ఎదురుగా నిలబడకూడదు. ఎవరికి వారు కాస్త ఎడమకు జరగాలి. ప్రతివారి కుడి పాదం ఎదుటివారి రెండు పాదాల మధ్యకు చూడాలి. లీడ్ చేసేవారి కుడి అరచేయి ఉండాల్సింది ఫాలో అయ్యేవారి వీపు మీద, వారి ఎడమ రెక్క ఎముక దగ్గర. నడుము మీద కాదు. చేత్తో లాగడం, నెట్టడం మొదలైతే వారం తిరక్కుండా ఫాలో అయ్యేవారి భుజం పట్టేస్తుంది. మొదటి రెండు మూడు క్లాసులు ముంజేతులు పట్టుకుని, మధ్యలో చోటు వదిలి చేయించే పద్ధతి అందుకే మంచిది. అడుగు కుదిరాక దగ్గరగా నిలబడవచ్చు. కొత్తవారితో తాకిడి ఇబ్బందిగా అనిపించేవారికీ ఊపిరి తీసుకునే వీలుంటుంది.

జోడీ లేకుండా ఒంటరిగా వచ్చేవారికి, ముఖ్యంగా మహిళలకు, ఒక ప్రశ్న తప్పనిసరి: పార్ట్‌నర్లను మారుస్తారా? మారిస్తే క్లాసు సాగుతుంది. భార్యాభర్తలకు కూడా మారడమే మేలు. ఆయన సరిగా లీడ్ చేయకపోయినా ఆవిడ అలవాటు కొద్దీ ఊహించి అడుగు వేసేస్తుంది. లోపం ఎన్నాళ్లకూ బయటపడదు. అయితే మారనంటే ఎవరినీ బలవంతపెట్టకూడదు. ఆ మాట టీచరు మొదటి రోజే అందరి ముందూ చెప్పాలి.

ఇక నేల. కాంక్రీటు మీద పరిచిన టైల్స్, గ్రానైట్ మీద గంటసేపు ఆడితే పిక్కల ముందు ఎముక, మోకాళ్లు నొప్పి పెడతాయి. జుంబాకు పరిచే రబ్బరు మ్యాట్ మరో ప్రమాదం: పాదం కదలదు, ఒళ్లు తిరుగుతుంది, ఆ మెలిక మోకాలిలో పడుతుంది. స్పోర్ట్స్ షూతోనూ అంతే. నున్నటి టైల్స్ మీద సాక్సులతో ఆడితే జారిపడతారు. చెక్క నేల, దాని కింద కాస్త ఖాళీ, స్యూడ్ (నూగు తేలిన తోలు) అడుగున్న షూ సరైన జోడు. మొదట్లో డ్యాన్సు షూ కొనక్కర్లేదు, తోలు అడుగున్న మామూలు షూ చాలు. మహిళలకు రెండంగుళాలు మించని, చీలమండకు పట్టీ ఉన్న హీల్ మేలు. చీర కుచ్చిళ్లు, అనార్కలీ అంచు వెనకడుగులో మడమకు తగులుకుంటాయి. చుడీదార్ వేసుకుని చున్నీ తీసి పక్కన పెట్టాలి. గది కొలత కూడా చూడండి. ఇరవై అడుగుల గదిలో పది జంటలను నిలబెడితే వాల్ట్జ్ చుట్టూ తిరగడానికి దారి ఉండదు.

మంచి చెక్క నేల అద్దెకు తీసుకునే స్తోమత చిన్న టీచర్లకు లేదు. కానీ నగరపాలక క్రీడా ప్రాంగణాల్లో చెక్క నేల ఉన్న బ్యాడ్మింటన్ కోర్టులున్నాయి. వాటిలో ఆటగాళ్లు తక్కువగా వచ్చే వేళలు చూసి, వారానికి రెండు గంటలు జంట నృత్యాల సాధనకు కేటాయించాలని అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాం. పైన సింథటిక్ మ్యాట్ పరిచిన కోర్టులు మాత్రం వద్దు. బూటు జారకుండా చేసినవి అవి, వాటి మీద తిరిగితే మోకాలికే దెబ్బ. స్యూడ్ అడుగు చెక్కను గీయదు. హీల్ కొనలకు ప్లాస్టిక్ తొడుగు తప్పనిసరి చేస్తే గుంటలూ పడవు, టాల్కమ్ పౌడర్ చల్లడాన్ని నిషేధిస్తే తర్వాత వచ్చే ఆటగాళ్లకు ఇబ్బందీ ఉండదు. గంటకు అద్దె ఇంత అని బోర్డు మీద రాసిపెడితే జంటలు తలా కాస్త వేసుకుని కట్టుకుంటాయి.

– బాల్‌రూమ్ డ్యాన్సు శిక్షకులు,
మారేడ్‌పల్లి, సికింద్రాబాద్