రిమ్ము వెడల్పును తప్పుగా కొలిచి చేసిన చక్రాల గురించి ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

విషయం: నా 1958 ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌కు మీరు చేసి పంపిన నాలుగు రిమ్ములు ఒక అంగుళం ఎక్కువ వెడల్పుతో ఉండటం.

నమస్కారం.

నా కారు చక్రాలు తుప్పుపట్టి పనికిరాకుండా పోయినందున, వాటిలో కాస్త గట్టిగా ఉన్న ఒకదాన్ని నమూనాగా మీ కర్మాగారానికి పంపి, అచ్చం అలాంటివే నాలుగు చేయమని కోరాను. కొత్తవి వచ్చాయి. పనితనం బాగుంది, ఐదు బోల్టుల రంధ్రాలూ చక్కగా కూర్చున్నాయి. కానీ నాకు కావలసినవి 4జె×15 రిమ్ములు, అంటే నాలుగు అంగుళాల వెడల్పు, జె రకం అంచు, 15 అంగుళాల వ్యాసం ఉన్నవి. మీరు చేసినవి 5జె×15.

ఫోను చేస్తే మీ సిబ్బంది, "మీ పాత చక్రాన్ని వెర్నియర్‌తో కొలిచాం, 126 మిల్లీమీటర్లు ఉంది, అంటే ఐదు అంగుళాలే కదా" అన్నారు. ఆ 126 నిజమే, నేను కొలిచినా అంతే వచ్చింది. అయితే అది ఒక వైపు బయటి కొస నుంచి రెండో వైపు బయటి కొస దాకా తీసిన కొలత. రిమ్ము వెడల్పును అలా లెక్కించరు. టైరు తీసేసి, టైరు లోపలి అంచు (బీడు) ఆనుకునే రెండు రిమ్ము అంచుల లోపలి ముఖాల మధ్య కొలవాలి. జె రకం అంచు సుమారు 17.5 మిల్లీమీటర్ల ఎత్తు లేచి బయటికి వంపు తిరుగుతుంది. రెండు వైపులా ఉన్న ఆ వంపునూ, రేకు మందాన్నీ కలిపితే ఇంచుమించు ఒక అంగుళం అవుతుంది. నా పాత చక్రానికి లోపలి కొలత 102 మిల్లీమీటర్లు. నాలుగు అంగుళాలంటే 101.6.

ఇదే సంభాషణలో మరో మాట విన్నాను. నా టైరు మీద 5.60-15 అని ఉంది కాబట్టి రిమ్ము ఐదు అంగుళాలకు తక్కువ ఉండదట. 5.60 అనేది గాలి నింపిన టైరు వెడల్పును తెలిపే సంఖ్య. రిమ్ముకు సంబంధించింది చివరి 15 ఒక్కటే, అదీ వ్యాసం. పాత కార్ల చక్రాలే వ్యాపారంగా ఉన్న సంస్థ నుంచి ఈ జవాబు రావడం నన్ను చాలా బాధించింది. 1952 అక్టోబరుకు ముందు బీటిళ్లకు మూడు అంగుళాల వెడల్పున్న 16 అంగుళాల చక్రాలు ఉండేవి, ఆ తర్వాత నాలుగు అంగుళాల వెడల్పుతో 15 అంగుళాలవి వచ్చాయి. 1958 కారుకు ఐదు అంగుళాలు అని తేలినప్పుడే మీవాళ్లకు అనుమానం రావలసింది.

అసలు ఇంత కొలవవలసిన పని కూడా లేదు. ఆ చక్రం మీద 4జె×15 అని ముద్ర ఉంది, నా ఉత్తరంలో ఆ సంగతి రాశాను కూడా. నమూనా తిరిగి వచ్చేసరికి దాని మీద నేను అడగని మందపాటి పెయింటు ఉంది. ముద్ర పూర్తిగా పూడిపోయింది. తుప్పుకు కూడా చెక్కుచెదరని అక్షరాలవి. రెండు సాయంత్రాలు కూర్చుని, పెయింటు కరిగించే ద్రావకంతో తడుపుతూ, మెత్తటి ఇత్తడి బ్రష్షుతో గీకితే మళ్లీ బయటపడ్డాయి. వాటి ఫోటోను, లోపలి కొలత తీస్తున్న ఫోటోను ఈ లేఖతో జతచేస్తున్నాను.

ఒక అంగుళమే కదా, సర్దుకోమన్నారు. మధ్య గీత మారకపోయినా రిమ్ము అంచు ఒక్కో వైపున 12.7 మిల్లీమీటర్లు బయటికి జరుగుతుంది. నాలుగు అంగుళాల రిమ్ముకని చేసిన టైరు గోడలు పక్కలకు సాగుతాయి. ఆ స్థితిలో కారును రోడ్డెక్కించడానికి నాకు మనసొప్పదు.

కాబట్టి ఈ నాలుగు రిమ్ములనూ మీ రవాణా ఖర్చుతో వెనక్కి తీసుకుని, అదే ఆఫ్‌సెట్‌తో (రిమ్ము మధ్య గీతకూ, చక్రం హబ్బుకు ఆనుకునే ముఖానికీ మధ్య దూరం) 4జె×15 రిమ్ములు చేసి పంపండి. నమూనాకు పెయింటు వేసినందుకు బిల్లులో చేర్చిన మొత్తాన్ని తిరిగి ఇవ్వండి. మీ ఆర్డరు పత్రంలోని బొమ్మలో బాణం గుర్తులు బయటి కొసల దగ్గర ఉన్నాయి, వాటిని లోపలి ముఖాలకు మార్చండి. ముద్ర చెరిగిపోయిన చక్రం ఉన్నవారు ఆ బొమ్మనే నమ్మి కొలిచి పంపుతారు.

15 రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వగలరు. ఈలోగా ఆ రిమ్ములకు టైర్లు ఎక్కించకుండా, వచ్చిన పెట్టెల్లోనే భద్రంగా ఉంచుతాను.

ఇట్లు,
మీ వినియోగదారు