వంగడం వెనుక పన్నెండేళ్లు

సంపాదకులకు,

విశ్వవిద్యాలయాల వల్ల దేశానికి ఏం ఒరిగిందన్న చర్చ వచ్చినప్పుడల్లా ప్రాంగణ నియామకాలు, జీతాల ప్యాకేజీల దగ్గరే ఆగిపోతోంది. వ్యవసాయ విశ్వవిద్యాలయాల విషయంలో ఆ లెక్క పనికిరాదు. 1982లో పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు వరి పరిశోధన స్థానం నుంచి వచ్చిన వరి వంగడం స్వర్ణ (ఎంటీయూ 7029) ఒడిశా, బెంగాల్ మీదుగా బంగ్లాదేశ్ దాకా పాకింది. 1986లో సాంబా మసూరి (బీపీటీ 5204) వచ్చింది. బీపీటీ అంటే బాపట్ల అని బియ్యం బస్తా కొనేవారిలో ఎందరికి తెలుసు? రైతు తన పంటలోంచే విత్తనం దాచుకుంటాడు కాబట్టి ఆ విత్తనం మీద విశ్వవిద్యాలయానికి రూపాయి రాదు. రాకూడదు కూడా. కానీ ఆదాయం కనపడదు కదా అని బడ్జెట్‌లో కోత పెడితే ఎలా?

ఎకరం బ్రీడర్ విత్తన (శాస్త్రవేత్తల పర్యవేక్షణలో పండించే తొలి దశ విత్తనం) క్షేత్రంలో కేళీలు (వేరే రకం మొక్కలు) ఏరేశాక 20 క్వింటాళ్ల శుభ్రమైన విత్తనం వస్తే, ఎకరాకు 20 కిలోల చొప్పున అది 100 ఎకరాల ఫౌండేషన్ (రెండో దశ విత్తన) పంటకు సరిపోతుంది. ఆ పంట విత్తనం 10 వేల ఎకరాలకు చాలుతుంది. అదే మొదటి ఎకరంలో కేళీలు తీయడానికి కూలీలు దొరక్కపోతే, ఆ కల్తీ కూడా అంతే పెరుగుతుంది.

అసలు కష్టం అంతకు ముందు, కొత్త వంగడం పుట్టించడంలో ఉంది. సంకరానికి (రెండు రకాలను కలపడానికి) సాయంత్రం వడ్ల పూతల కొన కత్తిరించి, ఒక్కోదాంట్లో ఉండే ఆరు కేసరాలూ తీసేసి, వెన్నుకు (కంకికి) కాగితం సంచి తొడుగుతారు. మర్నాడు పొద్దున తండ్రి వెన్ను విచ్చుకునే వేళకు పుప్పొడి దులుపుతారు. ఇంత చేస్తే దక్కేవి కొన్ని గింజలే. వాటి రెండో తరం నుంచి వేల మొక్కల్లో ఎంపిక మొదలై, ఏటా ఎంపికైన మొక్కల గింజలను వరుసలుగా నాటుతూ, మినీకిట్లు (రైతులు వేసి చూసేందుకు ఇచ్చే చిన్న విత్తన సంచులు) రైతుల పొలాల్లో తేలేసరికి పది పన్నెండేళ్లు. మూడేళ్ల ప్రాజెక్టు నిధులతో ఈ పని సాగదు. శాస్త్రవేత్త రిటైరయ్యాక పోస్టు ఖాళీగా ఉంటే వరుసలు నాటేవారుండరు, మామూలు గదిలో ఉంచిన విత్తనం మొలక శాతం పడిపోతుంది. చీటీ మీది నంబరు వెనక కథ తెలిసిన మనిషి వెళ్లిపోయాక మిగిలిన గింజలతో కొత్తవారు చేయగలిగేది తక్కువ.

2015లో హైదరాబాద్‌లోని రాజేంద్రనగర్ నుంచి వచ్చిన ఆర్‌ఎన్‌ఆర్ 15048 (తెలంగాణ సోన) చూడండి. సాంబా మసూరి 150 రోజులు తీసుకుంటే ఇది 125 రోజుల్లో కోతకు వస్తుంది. నీళ్ల మీద అదెంత ఆదా అన్నది బోరు కింద సాగు చేసేవారిని అడగాలి. దీని తల్లిదండ్రులు మార్టేరు ఎంటీయూ 1010, జగిత్యాల జేజీఎల్ 3855. 2014లో ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం రెండు రాష్ట్రాలకు రెండుగా విడిపోయినా వంగడాల చుట్టరికం తెగలేదు. రెండు రాష్ట్రాల కేంద్రాల మధ్య విత్తన మార్పిడికి ఫైళ్ల జాప్యం లేని ఏర్పాటు ఉండాలి. ప్రతి వరి పరిశోధన స్థానంలో ఒక బ్రీడర్ పోస్టునైనా, రిటైర్మెంటుకు ఏడాది ముందే రెండో మనిషిని చేర్చుకునేలా మంజూరు చేయాలి. ఆ ఏడాది రెండు పంటల్లో వరుసలు చేతులు మారితే చాలు.

– వరి విత్తనోత్పత్తిలో ఉన్న పాఠకులు, బాపట్ల