అటక మీద కాయలు, గల్లాపెట్టె తాళం

సంపాదకులకు నమస్కారం.

తాతల నాటి వ్యాపారాలు మూతపడుతున్నాయంటూ మీ పత్రికలో వచ్చిన వ్యాసం మా కొట్లో నలుగురం కలిసి చదివాం. ‘పిల్లలు ఈ వ్యాపారాల్లోకి రావడం లేదు’ అన్న వాక్యం దగ్గర కొబ్బరికాయలు ఒలిపించే మా మేస్త్రి నా మొహం చూసి నవ్వాడు. నవ్వాడంటే కారణముంది. పిల్లలు రాకపోవడం సగమే నిజం. వచ్చినవాళ్లకి మనం తాళం ఇవ్వం. ఆ రెండో సగం జోలికి మీ వ్యాసకర్త పోలేదు.

మాది అంబాజీపేటలో కురిడీ కొబ్బరి వ్యాపారం. తాతగారి నుంచి లెక్కేస్తే మా అమ్మాయి నాలుగో తరం. కోనసీమ బయటివారికి కురిడీ సంగతి తెలియకపోవచ్చు. ముదురు కాయని పీచు తీయకుండా డొక్కతోనే అటక మీద పోసి, తొమ్మిది నెలల నుంచి ఏడాది దాకా వదిలేస్తాం. నీళ్లు ఇంకిపోయి, లోపలి కొబ్బరి చిప్పని వదిలేసి గుండుగా విడిపడుతుంది. దసరా, దీపావళి ముందు రాజస్థాన్, గుజరాత్ వైపు లారీలు కట్టేది ఈ సరుకే. నా పదేళ్లప్పుడు తాతగారు నన్ను నిచ్చెనెక్కించి, చేతికో కాయ ఇచ్చి, చెవి దగ్గర పెట్టుకుని ఊపమనేవారు. నీళ్లు కదిలిన చప్పుడు వేరు, గుండు చిప్పకి తగిలి గటగటలాడే చప్పుడు వేరు. తప్పు చెబితే తిట్టేవారు కాదు. ఆ కాయ అక్కడే కొట్టి చూపించేవారు. చేతికి పాచివాసన అంటుకునేది, మర్చిపోయేవాణ్ని కాదు. ఒక్కో పాఠానికి ఒక్కో కాయ ఖర్చు, అంతే.

నాన్నగారి దగ్గర ఆ కాయ ఖర్చు కూడా కుదరలేదు. రోజువారీ పద్దుల చిట్టా రాయనిచ్చేవారు కానీ, ఎవరి ఖాతా ఎంతో ఉండే ఆవర్జా తెరవనిచ్చేవారు కాదు. ధర తేల్చేది ఆయనే, అప్పు ఎవరికివ్వాలో తేల్చేదీ ఆయనే. తాళం మొలతాడుకే ఉండేది. ముప్ఫై ఏళ్లకు పైగా నేను కొట్లో ఉన్నది కొడుకు హోదాలో జీతంలేని గుమస్తాగా. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక, ఆ కంప్యూటర్ గోల నావల్ల కాదంటూ తాళం తీసి బల్ల మీద పెట్టారు. అప్పటికి నాకు యాభై ఎనిమిది. నాకు వ్యాపారం అప్పగించింది నాన్నగారా, జీఎస్టీయా అని మా ఆవిడ ఇప్పటికీ వేళాకోళం చేస్తుంది.

మధ్యలో ఒక దెబ్బ తిన్నాం, అది చెప్పాలి. కొట్టు నాన్నగారు, బాబాయిగారు ఇద్దరి భాగస్వామ్యం. బాబాయిగారు శ్రావణమాసంలో హఠాత్తుగా పోయారు. పదోరోజు కూడా కాకముందే బ్యాంకు వాళ్లు ఖాతా ఆపేశారు. 1932 భాగస్వామ్య చట్టం 42వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే ఒక భాగస్వామి మరణంతో సంస్థ రద్దయిపోతుంది. ఉన్నదే ఇద్దరైతే ఒప్పందంలో ఏం రాసుకున్నా లాభం లేదు, మిగిలిన ఒక్కడు సంస్థ కాలేడు. ఇదంతా ఆడిటరు గారు కర్మల మధ్యలో చెప్పారు, మాకు సగం బుర్రకెక్కలేదు. బాబాయి పిల్లలు వాటా అడిగారు. వాళ్ల తప్పేం లేదు, అడగాల్సిందే. కానీ అటక మీది కాయకి అప్పటికి నాలుగు నెలలే. అటు నీటికాయా కాదు, ఇటు కురిడీ కాదు. కూలీలని పెట్టి మూడు రోజులు లెక్కపెట్టించి చెరిసగం పంచుకున్నాం. ఏ ధరా రాలేదు, ఇద్దరికీ.

అంత జరిగినా నాన్నగారు మళ్లీ నన్నొక్కణ్నే కలిపి ఇద్దరి భాగస్వామ్యమే రాయించారు. 2020లో ఆయన పోయినప్పుడు మళ్లీ అదే బ్యాంకు, అదే మాట. ఈసారి తప్పు నాది.

ఆ దినాల్లోనే రాజస్థాన్ నుంచి ఒక సేఠ్ గారి కొడుకు పరామర్శకి ఫోన్ చేశాడు. 1996 నవంబర్ 6 తుపానుకి మా కొట్టు పైకప్పు లేచిపోయి, అటక మీది సరుకంతా తడిసిపోయింది. చెట్లు పడిపోయాయి, కొత్త కాయ దొరికే మాట లేదు. అప్పుడు నాన్నగారు అరెకరం అమ్మి, తీసుకున్న బయానాలన్నీ ఎవరివి వాళ్లకి తిప్పి పంపారట. ‘మా నాన్న ఆ తర్వాత ఇంకెవరి దగ్గరా కురిడీ కొనలేదు’ అన్నాడు ఆ అబ్బాయి. పొలం అమ్మడం నాకు తెలుసు. ఎందుకో తెలియదు. అప్పుకేమో అనుకున్నాను. బాబాయిగారికి నచ్చలేదని, అన్నదమ్ముల మధ్య మాటలు తగ్గింది అప్పట్నుంచేనని తర్వాత అమ్మ చెప్పింది. పాతికేళ్లుగా మా సరుకుకి బేరమాడకుండా డబ్బు ఎందుకొస్తోందో ఆ కొట్లో కూర్చున్న నాకే తెలియకపోతే, నాకు అప్పగించింది ఏమిటండీ? గోడలా?

ఇక మా అమ్మాయి. కరోనా ఏడాది హైదరాబాద్‌లో ఉద్యోగం వదిలేసి వచ్చింది. ఆడపిల్లకి ఉమ్మడి ఆస్తిలో హక్కు మన రాష్ట్రంలో 1985 సెప్టెంబర్ 5 నుంచే ఉంది, అప్పటికి పెళ్లికానివాళ్లకి. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణతో ఆ తేడా కూడా పోయింది. అయితే హక్కు వేరు, గల్లాపెట్టె ముందు కుర్చీ వేరు. నేనూ నాన్నగారిలాగే తయారయ్యాను. నాలుగేళ్లు ఆ పిల్లచేత బిల్లులు కొట్టించానే తప్ప ధర చెప్పనివ్వలేదు. కిందటేడు నేను కంటి ఆపరేషన్‌కి కాకినాడ వెళ్లిన వారంలో, కొత్త వ్యాపారికి ఒక లారీ గండేరా రకం కురిడీ అప్పు మీద పంపేసింది. వచ్చి తెలుసుకుని అరిచాను. డబ్బు నలభై రోజులు ఆలస్యంగా వచ్చింది, కానీ వచ్చింది. వడ్డీ లెక్కేస్తే తాతగారు నాకోసం కొట్టిన కాయల ఖర్చు కన్నా ఎక్కువేమీ కాదనిపించి ఊరుకున్నాను.

మార్చిలో కొత్త ఒప్పందం రాయించాం. ఈసారి ముగ్గురం: నేను, అమ్మాయి, మా ఆవిడ. నలభై ఏళ్లుగా ఒలుపు వాళ్ల కూలి లెక్క చూసేది ఆవిడే, కాగితం మీద పేరెక్కడం ఇదే మొదలు. ఎవరు పోయినా మిగతావాళ్లు కొనసాగించాలని, వాటా తీసుకోవాలంటే అటక మీది సరుకు పండి అమ్ముడయ్యాకే లెక్క చూడాలని రాసుకున్నాం. మా వీధిలోనే ఇద్దరన్నదమ్ముల కొట్లు చాలా ఉన్నాయి. వర్తక సంఘం వారు సీజను లేని నెల చూసి ఒక ఆడిటరునీ, ఒక వకీలునీ కూర్చోబెట్టి ఈ కాగితాలు రాయిస్తే బాగుంటుంది. మీరూ వారానికో మూల దీనికి కేటాయించండి. విజయగాథలు తర్వాత వేయొచ్చు.

మా బోర్డు మీద తాతగారి పేరు పక్కన ‘అండ్ సన్స్’ అని ఉంటుంది. మార్పిద్దామా అన్నాను. జీఎస్టీ, బ్యాంకు, లారీ ఆఫీసు, బిల్లు పుస్తకాలు, అన్నీ మార్చాలట. ‘సీజన్ ముందు ఎందుకు నాన్నా ఆ తలనొప్పి, ఉండనీ’ అంది తాళం తిప్పుతూ.

— ఒక కురిడీ వర్తకుడు, అంబాజీపేట
(పేరు వేయవద్దు. బాబాయి పిల్లలతో ఇప్పుడు బాగానే ఉన్నాం.)