టీకా వేసినా యాంటీబాడీలు రాని పిల్లలున్నారు

సంపాదకుడు గారికి,

"కరోనా ఇప్పుడు మామూలు జలుబే కదండీ" అని మొన్న ఆస్పత్రిలో పక్కన కూర్చున్నాయన దగ్గుతూనే అన్నాడు, మాస్కు గడ్డం కింద వేలాడుతోంది. మా అబ్బాయికి పుట్టుకతోనే బ్రూటన్ వ్యాధి, అంటే రోగాలతో పోరాడే యాంటీబాడీలను తయారుచేసే బి కణాలు ఒంట్లో ఉండవు, టీకా వేసినా యాంటీబాడీలు రావు. 3-4 వారాలకోసారి సెలైన్‌లా ఎక్కించే ఇమ్యునోగ్లోబులిన్ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలు) మీదే బండి నడుస్తోంది. ఇలాంటివాళ్లలో వైరస్ సోకిన కణాలను చంపే టి కణాలు పనిచేస్తాయి కాబట్టి కరోనా వచ్చినా చాలామంది కోలుకున్నారు, నిజమే, కానీ కొందరిని వైరస్ నెలల తరబడి వదల్లేదు. వైరస్‌ను మొదట్లోనే అడ్డుకునే ఇంటర్‌ఫెరాన్ అనే ప్రోటీన్ లోపం ఉన్నవాళ్లకైతే ప్రాణం మీదికే రావచ్చని 2020లోనే తేలింది.

మేం అడిగేది ఒక్కటే, ఎక్కించే రోజున జ్వరాల ఓపీకి దూరంగా ఓ గది. అడిగితే "అందరితో పాటే లైన్లో కూర్చోండి" అన్నారు.

- ఒక తండ్రి, వరంగల్